ఏడు నెలల్లో 12 కిలోలు తగ్గి వచ్చాడు మా తమ్ముడు, ఇది దేశం మార్పేనా?

మారతహళ్లి_అక్క | జనవరి 11, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. బయటి దేశాల్లో ఉండి బెంగళూరుకి తిరిగొచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని ధైర్యం చేసి అడుగుతున్నాను. మాది మదనపల్లె. మారతహళ్లికి వచ్చి తొమ్మిదేళ్లయింది. తమ్ముడికి 29 ఏళ్లు, నా దగ్గరే ఉండి ఉద్యోగం చేసుకునేవాడు. పోయిన జూన్‌లో ఆఫీసువాళ్లు నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌కి పంపారు.

సంక్రాంతి సెలవకి నిన్న రాత్రి దిగాడు. ఎయిర్‌పోర్టులో వాడు ట్రాలీ తోసుకుంటూ నా ముందుకే వస్తున్నా నేను వాడి వెనకాల వచ్చేవాళ్ల మొహాలు వెతుకుతున్నాను. "అక్కా" అని పిలిచాక గాని పోల్చుకోలేకపోయాను. బుగ్గలు లోపలికి పోయాయి. మెడ దగ్గర చొక్కా కాలరు వేలాడుతోంది. బెల్టుకి మేకుతో మూడు బొక్కలు కొట్టుకున్నాడు, మిగిలిన తోలంతా నడుము చుట్టూ పక్కకి తిరిగిపోయింది.

వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూయడానికి కొన్న మిషను ఇంట్లోనే ఉంది. ఆ రోజు సరదాగా వాడు కూడా ఎక్కితే 74 కిలోలు చూపించింది. ఈ ఉదయం అదే మిషను మీద 62.

అడిగితే "రోజూ సైకిల్ మీద ఆఫీసుకి పోతాను, రానూపోనూ 14 కిలోమీటర్లు, అందుకే సన్నబడ్డాను" అంటాడు. తిండి మానేశాడా అంటే అదీ లేదు. నిన్న రాత్రి రెండు ముద్దలు సంగటి తిని ఇంకా ఉందా అని అడిగాడు. ఇక్కడున్నప్పుడు ఒక్క ముద్దకే చాలనేవాడు. అమ్మ వీడియో కాల్‌లో చూసి ఏడ్చేసి దిష్టి తీయమంది. తీశాను. కానీ నా మనసు కుదుటపడలేదు. దేశం మారితే ఇంత తగ్గుతారా? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?


పాత_బీటీఎం | జనవరి 11, రాత్రి 11:05

కంగారు పడకమ్మా. నేను 1994లో మస్కట్ వెళ్లినప్పుడు ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. నీళ్లు పడలేదు, తిండి పడలేదు. రొట్టె, టిన్నుల్లో చేపలు నోటికి ఎక్కేవి కావు. తర్వాత తోటివాళ్లతో కలిసి వంట మొదలుపెట్టాం, బరువు దానంతటదే వచ్చేసింది. నీళ్లు మారితే ఒంటికి ఆ మాత్రం తేడా చేస్తుంది. నాలుగు రోజులు ఇంటి తిండి పెట్టు, తేరుకుంటాడు.


సర్జాపుర_రైడర్ | జనవరి 11, రాత్రి 11:38

అక్కా, నేను వారానికి 120 కిలోమీటర్లు సైకిల్ తొక్కుతాను కాబట్టి ఆ లెక్క కొంచెం తెలుసు. ఒకసారి వేసి చూద్దాం.

ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చవ్వాలి. 12 కిలోలంటే 92 వేల పైమాటే. సమతలం మీద 14 కిలోమీటర్లు మామూలు వేగంతో తొక్కితే రోజుకి 300 కేలరీలు అనుకుందాం. ఐండ్‌హోవెన్ అంతా చదును నేలే, మన నంది కొండ ఎక్కినట్టు కాదు. వారానికి అయిదు రోజులు, ముప్పై వారాలు, అంటే 150 రోజులు. మొత్తం 45 వేలు. అంటే ఆరు కిలోలు కూడా కావు. అదీ ఇక్కడ తిన్నంతే అక్కడా తింటే.

మీరేమో రెట్టింపు తింటున్నాడంటున్నారు. మరి మిగిలిన ఆరు కిలోలు ఎక్కడికి పోయాయి? ఈ లెక్క నూటికి నూరుపాళ్లు కరెక్టని అనను, కానీ తేడా చాలా పెద్దది. సైకిల్ ఖాతాలో మొత్తం రాసేయకండి.


డల్లాస్_టు_వైట్‌ఫీల్డ్ | జనవరి 12, ఉదయం 7:15

మా ఇంట్లో రెండూ జరిగాయి, అందుకే రాస్తున్నాను.

నేను డల్లాస్ వెళ్లిన మొదటి ఏడాదిలోనే 14 కిలోలు పెరిగాను. ఇక్కడ తిన్నట్టే అన్నం, పప్పు, పెరుగు తింటున్నాను, మరి ఎందుకు పెరిగానో చాలా రోజులు అర్థం కాలేదు. ఎవరడిగినా "అక్కడి గాలి అలాంటిది" అనేవాణ్ని. తర్వాత ఒక వారం నోట్లో పడ్డ ప్రతిదీ రాసుకుంటే తెలిసింది. ఆఫీసు ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకులు ఉచితం. రోజుకి రెండు క్యాన్లు తాగుతున్నాను. 355 మిల్లీలీటర్ల క్యాన్‌లో 39 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, అంటే రెండిటికి 78. దాన్ని నేను తిండి కింద ఎప్పుడూ లెక్కే వేయలేదు. పైగా ఇంటి నుంచి కారు, కారు నుంచి లిఫ్టు. బెంగళూరులో బస్టాపు దాకా, టీ కొట్టు దాకా, కూరగాయలకి అని నడిచే నడకంతా పోయింది. ఆ నడక ఉన్నప్పుడు ఉన్నట్టే తెలియలేదు.

అదే సమయంలో అమ్మ నంద్యాల నుంచి మా దగ్గరికి వచ్చి అయిదు నెలలు ఉంది. అదే వంటగది, అదే బియ్యం. ఆమె ఆరు కిలోలు తగ్గింది. అన్ని పరీక్షలూ చేయించాం, ఏమీ తేలలేదు. నేనూ మా ఆవిడా ఏడింటికి వెళ్తే సాయంత్రం ఆరున్నరకి వచ్చేవాళ్లం. ఒకరోజు ఒంట్లో బాగోక మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. కంచంలో ఒక ఇడ్లీ, అందులో సగం తుంచి ఉంది. టీవీ లేదు, ఏమీ లేదు, కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తోంది. "ఇదేంటమ్మా, అన్నం వండలేదా" అంటే "ఒక్కదానికి కంచం పెట్టుకోబుద్ధి కాదురా" అంది. నంద్యాలలో ఆమె ఏనాడూ ఒంటరిగా తినలేదు. పక్కింటావిడో, పనిమనిషో, ఎవరో ఒకరు ఉండేవాళ్లు. వెనక్కి వెళ్లిన మూడు నెలలకి ఆ ఆరు కిలోలూ తిరిగి వచ్చాయి.

అందుకని మీ తమ్ముణ్ని మెల్లగా అడగండి, అక్కడ ఒక్కడే ఉంటున్నాడా, ఎవరితో తింటున్నాడు అని. మగపిల్లలు ఈ విషయం వాళ్లంతట వాళ్లు చెప్పరు.


మారతహళ్లి_అక్క | జనవరి 12, మధ్యాహ్నం 1:20

మీ అమ్మగారి సంగతి చదివి కళ్లలో నీళ్లు తిరిగాయండి. తమ్ముడు ఒంటరిగా లేడు, ఇద్దరు తెలుగు అబ్బాయిలతో కలిసి ఉంటున్నాడు. వంతులవారీగా వంట. తోటివాళ్లు వాణ్ని "నీ ఒక్కడి బియ్యం వేరే లెక్క రాయాలి" అని ఆటపట్టిస్తారట, అంత తింటాడు. తింటూనే ఉన్నాడు, తగ్గుతూనే ఉన్నాడు.

నవంబర్‌లో అక్కడి డాక్టర్ దగ్గరికి ఒకసారి వెళ్లాడట, జుట్టు రాలుతోందని. అక్కడ ముందు హౌసార్ట్స్ అని ప్రాంతం డాక్టర్‌ని చూడాలి, ఆయన రాసిస్తేనే స్పెషలిస్టు. ఎత్తూ బరువూ చూసి చాలా బాగున్నావని పంపేశారట. జుట్టుకి వీడే ఏవో మాత్రలు కొనుక్కుని వేసుకుంటున్నాడు.

పాత_బీటీఎం గారూ, మీరు చెప్పినట్టే ఇంటి తిండి పెడుతున్నాను. చలికి అలవాటు పడ్డాడు కాబట్టి ఇక్కడ వేడిగా ఉందంటున్నాడు. రాత్రి మేమందరం రగ్గులు కప్పుకుంటే వాడు హాల్లో ఫ్యాన్ ఫుల్లుగా పెట్టుకుని బనీనుతో పడుకున్నాడు. అక్కడ కూడా కిటికీ తెరిచే పడుకుంటాడట, రూమ్మేట్లు గొడవ పెట్టుకుని వాడికి విడిగా గది ఇచ్చేశారు.


స్టెతస్కోపు | జనవరి 12, మధ్యాహ్నం 2:50

అమ్మా, నేను జయనగర్‌లో ఫిజీషియన్‌ని. మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పకూడదు, చెప్పను. కానీ మీరు చివర్లో యథాలాపంగా రాసిన ఫ్యాను, కిటికీ సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. చలిదేశంలో ఏడు నెలలున్నా డిసెంబర్‌లో కిటికీ తెరిచి పడుకోవడాన్ని అలవాటని సరిపెట్టుకోకండి.

ముందు బరువు గురించి ఒక మాట. అక్కడి డాక్టర్ బాగున్నావని ఎందుకన్నారో ఊహించగలను. మీ వాడి ఎత్తు 172 సెంటీమీటర్లు అనుకుంటే 74 కిలోలకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) 25, 62 కిలోలకి 21. మన దేశంవాళ్లకి 23 దాటితేనే అధిక బరువు కింద లెక్క. కాబట్టి కాగితం మీద చూస్తే అబ్బాయి ఎక్కువ బరువు నుంచి ఆరోగ్యకరమైన బరువుకి వచ్చినట్టే. ఆ డాక్టర్‌కి అబ్బాయి పాత ఫొటో తెలియదు కదా. తగ్గాలని ప్రయత్నం చేయకుండా ఆరు నెలలు, ఏడాది లోపల 5 శాతం తగ్గితే కారణం వెతకాలని మేం చదువుకున్నాం. 74లో 5 శాతం అంటే 3.7 కిలోలు. మీ వాడిది 16 శాతం.

తినక తగ్గడానికి కారణాలు చాలా ఉంటాయి. బాగా తింటూ తగ్గడానికి ఉండేవి కొన్నే. షుగర్ ఒకటి, సన్నగా ఉన్న కుర్రవాళ్లకీ వస్తుంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం ఒకటి. తిన్నది పేగుల్లో ఒంటబట్టకపోవడం ఇంకొకటి. కాబట్టి ఇవి చూసి చెప్పండి. దాహం ఎక్కువగా ఉందా, రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తాడు? విరేచనం రోజుకి ఎన్నిసార్లు? చేతులు చాచి వేళ్లు విడదీయమంటే వణుకుతున్నాయా? కింద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేవగలడా? ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా? అన్నిటికంటే ముందు, తెల్లవారుజామున నిద్రలో ఉండగానే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి.

ఆ జుట్టు మాత్రల డబ్బా మీద బయోటిన్ (జుట్టు కోసం వాడే ఒక విటమిన్) అని ఉందేమో చూడండి. ఉంటే ఈరోజే ఆపించండి. రక్తంలో బయోటిన్ ఎక్కువగా ఉంటే కొన్ని ల్యాబు మిషన్లు మోసపోతాయి, థైరాయిడ్ మామూలుగా ఉన్నా ఎక్కువైనట్టు రిపోర్టు ఇస్తాయి. కనీసం రెండు రోజులు ఆపాకే రక్తం ఇవ్వాలి.


కడప_కోడలు | జనవరి 12, సాయంత్రం 6:30

డాక్టర్‌గారు థైరాయిడ్ అన్నారు కాబట్టి నాది చెప్తాను, నాది దీనికి తిరగేసినట్టు ఉంటుంది. నాకు థైరాయిడ్ తక్కువ. కేఆర్ పురంలో ఉన్నప్పుడు మాత్రతో అంతా బాగానే ఉండేది. టొరంటో వెళ్లాక పది నెలల్లో 13 కిలోలు పెరిగాను. అదే మాత్ర, అదే మోతాదు. నీరసం, ముఖం ఉబ్బడం, ఎప్పుడూ నిద్ర. చలికాలం కదా, అందరికీ ఇంతే అన్నారు.

చివరికి టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోను, థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది, ఎక్కువైతే ఇది పడిపోతుంది) చూస్తే 28 ఉంది. అక్కడి ఫార్మసిస్టు "మాత్ర ఎప్పుడు, దేనితో వేసుకుంటావు" అని అడిగింది. ఇక్కడ అయిదున్నరకి లేచి మాత్ర వేసుకుని, స్నానం, పూజ అయ్యాక ఏడింటికి కాఫీ తాగేదాన్ని. అక్కడ చీకట్లో లేవలేక ఏడున్నరకి లేచి కాఫీతోపాటే మాత్ర, దాంతోపాటే క్యాల్షియం మాత్ర కూడా మింగి బస్సుకి పరిగెత్తేదాన్ని. ఆ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకోవాలి, అరగంట నుంచి గంట వరకూ ఏమీ తాగకూడదు, క్యాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల తేడా ఉండాలి. నాకు ఇక్కడ ఎవరూ చెప్పలేదు, నా పొద్దుటి అలవాటే నన్ను కాపాడింది. దేశం మారితే అలవాటు మారింది, మందు ఒంటబట్టడం మానేసింది.


స్టెతస్కోపు | జనవరి 12, రాత్రి 9:10

కడప_కోడలు గారు చెప్పింది ప్రతి థైరాయిడ్ పేషంటూ చదవాలి. చిన్న సవరణ, కోపం తెచ్చుకోకండి. థైరాయిడ్ తగ్గడం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి అయిదు కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం నీరు. మిగతాది నిద్ర, కదలిక తగ్గడం, చలికాలపు తిండి నుంచి వచ్చి ఉంటుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మోతాదు సరిచేశాక కూడా బరువంతా దిగలేదని చాలామంది మందు మానేస్తారు.


కడప_కోడలు | జనవరి 12, రాత్రి 9:25

నిజమే సార్. సరిచేశాక నాలుగు కిలోలే దిగాయి. మిగతావి నడిచి నడిచి దించుకున్నాను, రెండేళ్లు పట్టింది.


మారతహళ్లి_అక్క | జనవరి 13, ఉదయం 6:05

అయిదింటికి లేచి వాడి పక్కన కింద కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతోంది, వాడి మణికట్టు మాత్రం వెచ్చగా, చెమటగా ఉంది. ఫోన్లో గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను. 112. తప్పు లెక్కపెట్టానేమో అని మళ్లీ చూశాను. 114. మా ఆయన నిద్రపోతున్నారు, పక్కగదిలోకి వెళ్లి ఆయన నాడి కూడా చూశాను, 64. అప్పుడు నాకు భయమేసింది.

చేతులు వణుకుతున్నాయి. నేనిది నిన్ననే చూశాను, కానీ చూసి వదిలేశాను. కాఫీ గ్లాసులోంచి డవరాలోకి వంచుతుంటే గ్లాసు అంచు డవరాకి టకటకా కొట్టుకుంటోంది. చలేమో అనుకున్నాను. చలి వేయనివాడికి చలి వణుకు ఎలా వస్తుందని అప్పుడు తట్టలేదు.

దాహం మామూలే. విరేచనానికి రోజుకి మూడు నాలుగుసార్లు వెళ్తున్నాడట. కింద కూర్చోబెట్టి లేవమంటే తొడ మీద చెయ్యి ఆనించి లేచాడు. రోజూ సైకిల్ తొక్కేవాడు! అమ్మకి పదేళ్లుగా థైరాయిడ్ తక్కువ. జుట్టు మాత్రల్లో బయోటిన్ ఉంది, 10,000 మైక్రోగ్రాములు అని రాసుంది. నిన్ననే ఆపించాను.


మాంచెస్టర్_మెస్ | జనవరి 13, ఉదయం 8:40

అక్కా, మీది థైరాయిడ్‌లాగే ఉంది, డాక్టర్‌గారు చూసుకుంటారు. ఈ చర్చ దారం వెతుక్కుంటూ వచ్చే వేరేవాళ్ల కోసం నాది కూడా రాసి పెడతాను.

నేను యూకే వెళ్లిన రెండో ఏడాది ఎనిమిది కిలోలు తగ్గాను. తిండి సయించేది కాదు, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకి టీషర్టు తడిసిపోయేది. నాకు టీబీ అనే అనుమానమే రాలేదు, ఎందుకంటే వీసాకి టీబీ పరీక్ష చేయించుకునే వెళ్లాను. మనవాళ్లు అక్కడ ఆరు నెలలకి మించి ఉండాలంటే ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి, నాది క్లీన్. చివరికి మెడ పక్కన చిన్న గడ్డ తేలింది, దాన్ని పరీక్షిస్తే టీబీ. ఎప్పుడో ఒంట్లో చేరి నిద్రపోతున్న క్రిమి వలస వెళ్లిన మొదటి కొన్నేళ్లలో లేవడం ఉంటుందని, ఊపిరితిత్తుల్లోనే రావాలని లేదని అక్కడి నర్సు చెప్పింది. ఆరు నెలలు మందులు వాడాను. అక్కడ టీబీకి వైద్యం ఎవరికైనా ఉచితమే. పూర్తిగా తగ్గిపోయింది.

వీసా పరీక్షలో బాగుందన్నారు కాబట్టి ఇప్పుడూ బాగున్నట్టే అనుకోకండి. ఆ కాగితం ఆ రోజుకి మాత్రమే.


హెచ్ఎస్ఆర్_చందన | జనవరి 13, ఉదయం 10:02

అక్కా, నా దగ్గర మంచి ప్రోటీన్ పౌడర్ ఉంది, నెలలో అయిదు కిలోలు గ్యారంటీ. మెసేజ్ చేయండి.


నిర్వాహకులు | జనవరి 13, ఉదయం 10:20

అమ్మకాల పోస్టులు ఇక్కడ వద్దు. ఈ దారంలో ఒక మనిషి ఆరోగ్యం గురించి మాట్లాడుతున్నాం.


మారతహళ్లి_అక్క | జనవరి 13, రాత్రి 8:15

ఈ సాయంత్రం ఆగలేక ఇంటి దగ్గరున్న ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాను. పేరు రాయను. నేను నాడి గురించి చెప్పబోతుంటే ఆయన వినలేదు. ఐటీ ఉద్యోగం, విదేశం, టెన్షన్, అంతే అన్నారు. నాడి పట్టుకోలేదు. బి12 ఇంజెక్షన్ల కోర్సు రాసి అయిదు రోజులు రమ్మన్నారు. బయటికి వచ్చాక తమ్ముడు "చూశావా అక్కా, ఏమీ లేదు" అన్నాడు. వాడి మొహంలో ఆ నిశ్చింత చూసి ఒక్క క్షణం నేనూ ఊరుకుందామనుకున్నాను. రాత్రి మళ్లీ ఈ పోస్టులన్నీ మొదటి నుంచీ చదివాను. రక్తపరీక్ష చేయిస్తాను.


స్టెతస్కోపు | జనవరి 13, రాత్రి 9:40

చేయించండి. టీఎస్‌హెచ్, థైరాయిడ్ హార్మోన్లు ఫ్రీ టీ4, టీ3. వీటితోపాటు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), రక్తకణాల లెక్క, లివర్ పరీక్ష. ఒక ఈసీజీ. ఈలోగా గుండె లయ తప్పినట్టు, ఆగి ఆగి కొట్టుకున్నట్టు ఉన్నా, ఆయాసం వచ్చినా, జ్వరంతో మనిషి అయోమయంగా మాట్లాడినా రిపోర్టు కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. పండగ అని ఆగొద్దు.


మారతహళ్లి_అక్క | జనవరి 17, సాయంత్రం 5:30

కనుమ మర్నాడు ఉదయం రక్తం ఇచ్చాం. అప్పటికి మాత్రలు ఆపి నాలుగు రోజులు. రిపోర్టు వచ్చింది.

టీఎస్‌హెచ్ 0.005 కన్నా తక్కువ. మామూలుగా 0.4 నుంచి 4 మధ్య ఉండాలట. ఫ్రీ టీ4 4.6, ఉండాల్సింది 1.7 లోపు. షుగర్ మామూలే, హెచ్‌బీఏ1సీ 5.4. ఈసీజీలో గుండె వేగం తప్ప లయ బాగానే ఉంది. రేపు ఉదయానికి ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) అపాయింట్‌మెంట్ దొరికింది.

తమ్ముడు రిపోర్టు చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అక్కా, నాకు ఇన్నాళ్లూ చిన్న విషయానికే కోపం వస్తోంది, రాత్రిళ్లు గుండె చప్పుడు దిండులో వినిపిస్తోంది, ఇంటి మీద బెంగ అనుకున్నాను" అన్నాడు. నాతో రోజూ వీడియోలో మాట్లాడేవాడు. ఒక్కసారీ చెప్పలేదు. నేనూ "సన్నబడ్డావు, బాగున్నావురా" అన్నాను సెప్టెంబర్‌లో. ఆ మాట గుర్తొస్తే గొంతు పట్టేస్తోంది.


పాత_బీటీఎం | జనవరి 17, సాయంత్రం 6:45

అమ్మా, నన్ను క్షమించు. నేను తినలేక తగ్గాను, నీ తమ్ముడు తింటూ తగ్గాడు. నువ్వు మొదటి పోస్టులోనే రాశావు, నేనే సరిగ్గా చదవలేదు. నీళ్ల మార్పు అని నేను చెప్పిన మాట విని నువ్వు ఆగిపోయి ఉంటే అని తలచుకుంటేనే భయంగా ఉంది. పిల్లవాడికి ఏ అవసరమున్నా చెప్పు, బీటీఎం నుంచి అరగంటలో వస్తాను.


మారతహళ్లి_అక్క | జనవరి 18, రాత్రి 9:00

అయ్యో, క్షమాపణ ఎందుకు బాబాయ్. ఆ రాత్రి మీరు వెంటనే జవాబిచ్చారు కాబట్టే కొంచెం నిద్ర పట్టింది.

గ్రేవ్స్ డిసీజ్ అని చెప్పారు. ఒంట్లో రక్షణకోసం ఉండాల్సిన యాంటీబాడీలే థైరాయిడ్‌ని ఆపకుండా పనిచేయించేస్తాయట. యాంటీబాడీ పరీక్ష కూడా పాజిటివ్. అమ్మకి థైరాయిడ్ తక్కువ కావడం, వీడికి ఎక్కువ కావడం, రెండూ ఒకే కుటుంబంలో రావడం మామూలేనట. అక్కడికి వెళ్లడం వల్లే వచ్చిందా అని అడిగాను. వెళ్లడం వల్ల అని చెప్పలేమన్నారు. కానీ వెళ్లడం వల్ల కనిపించకుండా దాక్కుంది అన్నారు. బరువు తగ్గితే సైకిల్ అన్నాం, జుట్టు రాలితే అక్కడి నీళ్లన్నాం, నిద్ర పట్టకపోతే బెంగ అన్నాం, చలి వేయకపోతే అలవాటన్నాం. ఇక్కడే ఉండి ఉంటే ఈ నాలుగూ ఒక ఇంట్లో, ఒకరి కళ్ల ముందు ఉండేవి.

థైరాయిడ్ తగ్గడానికి కార్బిమజోల్, గుండె వేగం తగ్గడానికి ప్రొప్రనొలోల్ రాశారు. మోతాదులు ఇక్కడ రాయను, మనిషికొక రకంగా ఉంటాయి. కార్బిమజోల్ ఏడాది నుంచి ఏడాదిన్నర వాడాలట. ముఖ్యంగా ఒకటి కాగితం మీద రాసి వాడి పర్సులో పెట్టించారు. ఈ మందు వాడుతుండగా గొంతునొప్పి, జ్వరం వస్తే మాత్ర ఆపి అదే రోజు రక్తకణాల పరీక్ష చేయించుకోవాలి, అరుదుగా తెల్లకణాలు పడిపోతాయట. ఎప్పుడైనా తాగే సిగరెట్టు కూడా పూర్తిగా మానేయమన్నారు, ఈ జబ్బులో కళ్లకి అది చాలా చెడ్డదట. తమ్ముడు నా ముందు తల దించుకున్నాడు, వాడు తాగుతాడని నాకు అప్పుడే తెలిసింది.


స్టెతస్కోపు | జనవరి 18, రాత్రి 10:15

మంచి చేతుల్లో పడ్డాడు. ప్రయాణానికి రెండు విషయాలు. డాక్టర్ ఉత్తరంలో మందుల కంపెనీ పేర్లు కాకుండా అసలు పేర్లు రాయించండి. అక్కడ కార్బిమజోల్ బదులు థయమజోల్ ఇవ్వచ్చు, కార్బిమజోల్ ఒంట్లోకి వెళ్లాక మారేది దానిగానే. కాని మోతాదు రెండిటికీ ఒకటి కాదు, అక్కడి డాక్టరే మార్చాలి. మందులు చేతి బ్యాగులో పెట్టమనండి. ఇంకో సంగతి, మందు పనిచేయడం మొదలయ్యాక కూడా ఆకలి కొన్నాళ్లు అలాగే ఉంటుంది. ఇప్పటిలా రెండు ముద్దలు తింటూ పోతే పాత 74 దాటి వెళ్లిపోతాడు. బరువు వస్తోందని భయపడి మందు మానేసేవాళ్లని చూశాను, అది మాత్రం జరగకూడదు.


మారతహళ్లి_అక్క | ఫిబ్రవరి 16, రాత్రి 9:30

సెలవు రెండు వారాలు పెంచుకుని ఫిబ్రవరి 11న వెళ్లాడు. వెళ్లేరోజు ఉదయం నాడి 82, బరువు 63.5. అక్కడి హౌసార్ట్స్ ఉత్తరం చదివి వెంటనే స్పెషలిస్టుకి రాసిచ్చారట. తమ్ముడు ఆయనకి పాత ఆఫీసు ఐడీ కార్డు మీద ఫొటో చూపించాడట. ఆయన కార్డునీ వీణ్నీ మార్చి మార్చి చూశారట.

అమ్మ ఇప్పుడు రోజూ ఫోన్లో "ఏం తిన్నావు" అని అడగడం మానేసి "నాడి ఎంత" అని అడుగుతోంది.


ఐండ్‌హోవెన్_తమ్ముడు | మార్చి 9, తెల్లవారుజామున 3:10

అక్క చెప్తే ఇప్పుడే ఈ దారం అంతా చదివాను. నా గురించి ఇంతమంది ఆలోచించారని నాకు తెలియదు. సర్జాపుర అన్నా, మీ లెక్క నా రూమ్మేట్లకి చూపించాను. డాక్టర్‌గారూ, మీరు కిటికీ గురించి రాసింది రెండుసార్లు చదివాను.

పోయిన వారం రక్తపరీక్షలో ఫ్రీ టీ4 మామూలుకి వచ్చింది. టీఎస్‌హెచ్ ఇంకా కిందే ఉంది, అది లేవడానికి నెలలు పడుతుందన్నారు. బరువు 65.8. బెల్టుకి ఒక బొక్క వెనక్కి వచ్చాను.

రాత్రి పదకొండింటికి కిటికీ మూశాను. రూమ్మేట్ దగ్గర ఇంకో దుప్పటి అడిగి తీసుకున్నాను. చలేసింది.